బల్ల వాళ్ళది, పులిహోర మనది: యూకేలో కొండలెక్కే తెలుగు గ్రూపులకు బహిరంగ లేఖ

అన్నయ్యలకు, అక్కలకు, గ్రూపు అడ్మిన్లకు నమస్కారం.

పోయిన నెల లేక్ డిస్ట్రిక్ట్ (ఇంగ్లండ్ వాయవ్య మూలన ఉన్న కొండల, సరస్సుల ప్రాంతం) నడకలో జరిగిన గొడవ మీద మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు మెసేజ్‌లు ఆగలేదు. నేను అందులో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మాట్లాడితే అక్కడే తగువవుతుంది, కుదురుగా కూర్చుని రాద్దామని ఊరుకున్నాను. మీ గ్రూపు సంగతి మీరే తేల్చుకోవచ్చు కదా అంటారేమో. లీడ్స్‌లో ఉన్న మా పిన్ని కూతురు, బర్మింగ్‌హామ్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పేది వింటే అన్ని చోట్లా ఇదే కథ. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది ఇది. మేం ఇరవై ఇద్దరం, అందులో ఏడుగురు పిల్లలు. పొద్దున్నే కొండెక్కి, మధ్యాహ్నం రెండింటికి లోయలోకి దిగాం. సన్నగా తుంపర. దారి సరిగ్గా ఒక పాత పబ్ వాకిట్లోకి తెచ్చి వదిలింది. (పబ్ పేరు, ఊరి పేరు రాయను.) బయట ఆరు చెక్క బల్లలుంటే నాలుగు మేమే ఆక్రమించాం. స్టీలు క్యారేజీలు తెరుచుకున్నాయి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, అరటికాయ వేపుడు. పిల్లలు వంతులవారీగా లోపలికెళ్ళి బాత్రూం వాడుకొచ్చారు. ఎవరో వెళ్ళి నీళ్ళ సీసాలన్నీ నింపుకొచ్చారు. గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో ఆ పబ్‌లో మేం కొన్నది రెండు కోక్‌లు.

ఓనరమ్మ బయటికొచ్చింది. అరవలేదు, ముఖం చిట్లించలేదు. "భోజనం బాగుందా?" అని అడిగి, "ఈ బల్లలు మా దగ్గర కొనుక్కున్నవాళ్ళ కోసమండీ" అంది. మన పెద్దాయన ఒకరు నవ్వుతూనే, "పబ్ అంటే పబ్లిక్ హౌసే కదా!" అన్నారు. ఆవిడ కూడా నవ్వుతూనే, "అవును, హౌసే. దానికి అద్దె కట్టేది మాత్రం నేను" అంది.

అంతే జరిగింది. ఇంటికి చేరేలోపు ఇది జాతి వివక్ష అయిపోయింది. ఒకాయన ఆ పబ్‌కి ఒక్క స్టార్ రివ్యూ కూడా పెట్టేశారు.

మా అమ్మమ్మ తెనాలిలో ఒక చిన్న భోజన హోటల్ నడిపేది. ఎనిమిది బల్లలు, ఒక ఫ్యాను. ఎండలో వచ్చి మంచినీళ్ళు అడిగితే ఎవరికీ లేదనేది కాదు. కానీ భోజనాల వేళ ఎవరైనా ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీ ఆ బల్ల మీద విప్పితే ఊరుకునేదా? గోడ మీద బోర్డే ఉండేది, "బయటి తినుబండారాలు లోపలికి తేరాదు" అని. మన ఊళ్ళలో సినిమా హాలు దగ్గర్నుంచి టిఫిన్ సెంటర్ దాకా ఈ బోర్డు చదువుతూ పెరిగినవాళ్ళం మనం. ఇక్కడ బోర్డు పెట్టకపోతే అది వాళ్ళ మర్యాద. మనం దాన్ని అనుమతి అనుకున్నాం. ఆవిడ మాటలో నాకు వివక్ష వినపడలేదు, మా అమ్మమ్మ వినపడింది.

అసలు చిక్కు ఆ పదంతోనే ఉందనుకుంటాను. పబ్ అనగానే మన బుర్రలో జూబ్లీహిల్స్ వస్తుంది. చెవులు చిల్లులు పడే పాటలు, రంగుల లైట్లు, టీవీలో పోలీసుల దాడి. అందుకే మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని లోపలికెళ్ళడానికి మొహమాటపడి, బయటి బల్ల దగ్గరే ఆగిపోతారు. ఇక్కడి కొండ ఊళ్ళలో పబ్ అది కాదు. మన భాషలో దానికి సరిగ్గా సరిపోయే మాటలు రెండున్నాయి, రెండూ పాతబడిపోయాయి: ఊరి చావడి, పూటకూళ్ళ ఇల్లు. ఆ రెండూ ఒకే కప్పు కింద ఉంటే అది పల్లెటూరి పబ్. ఊళ్ళో ఎవరు పోయారు, ఎవరి గొర్రెలు తప్పిపోయాయి, రోడ్డు ఎప్పుడు బాగుచేస్తారు, అన్నీ అక్కడే. కుక్కలు కూడా యజమానుల కాళ్ళ దగ్గర పడుకుని ఉంటాయి. నిప్పుగూడు పక్కన తడిసిన సాక్సులు ఆరుతుంటాయి.

గ్రేట్ లాంగ్‌డేల్ లోయ చివర ఓల్డ్ డంజన్ గిల్ అనే హోటల్ ఉంది. ఆంబుల్‌సైడ్ నుంచి వచ్చే 516 బస్సు ఆగేది అక్కడే. దాని హైకర్స్ బార్ ఒకప్పుడు పశువుల కొట్టం. ఆవుల్ని కట్టేసిన గాళ్ళే ఇప్పుడు మనుషులు కూర్చునే అరలు. బురద బూట్లతో వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఆ గది పుట్టిందే బురద కాళ్ళ కోసం. నేను మొదటిసారి లోపలికెళ్ళినప్పుడు నాకు గుర్తొచ్చింది బార్ కాదు, మా తాతగారి ఊళ్ళో గొడ్ల సావిడి.

ఇంకో లోయ, వాజ్‌డేల్. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ (978 మీటర్లు), అన్నిటికంటే లోతైన సరస్సు వాస్ట్‌వాటర్, రెండూ అక్కడే. అన్నిటికంటే చిన్న చర్చి, అన్నిటికంటే పెద్ద అబద్ధాలకోరు కూడా మావాళ్ళేనని ఆ లోయవాళ్ళు చెప్పుకుంటారు. ఆ అబద్ధాలకోరు విల్ రిట్సన్, 19వ శతాబ్దంలో వాజ్‌డేల్ హెడ్‌లో సత్రం నడిపిన రైతు. మా లోయలో టర్నిప్ దుంపలు ఎంత పెద్దవంటే, ఆదివారం కూరకి ఊరంతా తవ్వుకుపోతారు, మిగిలిన గుహలో గొర్రెలు తలదాచుకుంటాయి అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడట. ఆయన పేరు మీద ఇప్పటికీ ప్రతి నవంబరులో సాంటన్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో ఒక పబ్‌లో కోతల పోటీ పెడతారు. రాజకీయ నాయకులకు, లాయర్లకు ప్రవేశం లేదు. వాళ్ళకి అలవాటు ఎక్కువ, మిగతావాళ్ళకి అన్యాయం జరుగుతుందని. మన గోదావరి జిల్లాల వాళ్ళని ఒకసారి దింపాలని నా కోరిక.

పబ్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే టాన్ హిల్ కథ చెప్తాను. యార్క్‌షైర్ డేల్స్‌లో 528 మీటర్ల ఎత్తులో, చుట్టుపక్కల ఇల్లన్నది లేని కొండ బీడులో ఉంటుంది టాన్ హిల్ ఇన్. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్ అదే. 2021 నవంబరు చివర్లో ఆర్వెన్ తుపాను వచ్చినప్పుడు, పాటల కచేరీకి వచ్చిన 61 మంది మంచులో చిక్కుకుపోయి మూడు రాత్రులు అక్కడే ఉండిపోయారు. వాయించడానికి వచ్చిన బ్యాండు కూడా వాళ్ళతోనే. క్విజ్‌లు పెట్టుకున్నారు, పాటలు పాడుకున్నారు, ఒకరికొకరు వడ్డించుకున్నారు. ఆ పబ్ ముందు నుంచే పోతుంది పెన్నైన్ వే, 1965లో తెరిచిన 268 మైళ్ళ నడక దారి. ఆ దారి ఈడేల్ ఊళ్ళో ఒక పబ్ దగ్గర మొదలై, స్కాట్లండ్ సరిహద్దు దాటాక కర్క్ యెథోమ్‌లో ఇంకో పబ్ దగ్గర ముగుస్తుంది. నడక, పబ్ ఇక్కడ వేరువేరు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మన గ్రూపుల్లో సగం మంది ఎక్సెల్ షీట్లతో బతికేవాళ్ళే కాబట్టి ఇది తొందరగా అర్థమవుతుంది.

కొండకి టికెట్ లేదు. లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులోకి వెళ్ళడానికి గేటు లేదు, దర్శనం క్యూ లేదు. అక్కడ ఉండేవాళ్ళు దాదాపు 40 వేల మంది, ఏటా వచ్చేవాళ్ళు కోటిన్నరకు పైగా. మాంచెస్టర్‌లో కారు ఎక్కుతాం, సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొంటాం, ఎం6 హైవే మీద పెట్రోలు పోయించుకుంటాం. ఆ లోయకి మనం ఇచ్చేది పార్కింగ్ డబ్బులు. అవి కూడా చాలాసార్లు ఊరివాళ్ళకి పోవు. లోయలో మనం డబ్బు ఇవ్వగలిగిన కౌంటరు తరచుగా ఒక్కటే ఉంటుంది, అది పబ్.

ఆ కౌంటరులో పడిన ప్రతి ఆరు పౌండ్లలో ఒక పౌండు వ్యాట్ కిందే పోతుంది. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లయింది, అదే నెలలో జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది, బిజినెస్ రేట్ల (వ్యాపారం నడిపే స్థలం మీద పడే పన్ను) రాయితీ 75 నుంచి 40 శాతానికి తగ్గింది. జీతాలు పెరగడం మంచిదే, నేనూ జీతగత్తెనే. కానీ ఆ మూడూ ఒకే నెలలో ఒకే తలుపు తట్టాయి. వెయిటర్‌ని పెట్టుకుందామంటే ఉండటానికి ఇల్లు దొరకదు, ఊళ్ళో ఇళ్ళు చాలావరకు సెలవుల బాడుగకి పోయాయి. బ్రెగ్జిట్‌కి ముందు యూరప్ నుంచి వచ్చి ఒక సీజన్ పనిచేసిపోయే పిల్లలు ఇప్పుడు అంత తేలిగ్గా రాలేరు.

బీరు లెక్క ఇంకా చిత్రం. మన మిత్రుడొకరు ఒకసారి గ్లాసు వెనక్కి ఇచ్చారు, "చల్లగా లేదు" అని. అది అలాగే ఉండాలి మహాప్రభో! చేతి పంపుతో, మన బోరింగ్ కొట్టినట్టు కొట్టి పోస్తారే, అది పీపాలో ఇంకా పులుస్తూనే ఉండే సరుకు. నేలమాళిగలో పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచుతారు. పీపా ఒకసారి తెరిచారంటే సుమారు మూడు రోజుల్లో అమ్ముడవ్వాలి, లేకపోతే పాడవుతుంది. మన పెరుగులాగే. శుక్రవారం పీపా తెరుస్తారు, శనివారం వానని ఫోన్‌లో చూసి మనం నడక రద్దు చేసుకుంటాం. ఆ పీపా ఎటు పోతుందో ఆలోచించండి.

2000లో బ్రిటన్ మొత్తం మీద 60 వేల పబ్బులుండేవి, ఇప్పుడు 45 వేల దగ్గరికొచ్చాయి. పట్నంలో ఒకటి మూతపడితే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. లోయలో మూతపడితే ఇక నిప్పుగూడు లేదు, బాత్రూం లేదు, కాలు మడతపడితే ఫోన్ చేసుకోవడానికి తెరిచిన తలుపు లేదు. బార్ మీద మౌంటెన్ రెస్క్యూ వాళ్ళ హుండీ ఉంటుంది చూశారా? ఆ రెస్క్యూవాళ్ళు జీతాలు లేని వాలంటీర్లు, చందాలతో నడుస్తారు. పబ్ మూస్తే ఆ హుండీ కూడా పోతుంది.

"మేం తాగం కదా" అనేవాళ్ళకి. నేనూ తాగను. పదకొండేళ్ళుగా ఈ కొండల్లో తిరుగుతున్నాను, ఏ పబ్‌లోనూ ఎవరూ ఎందుకు తాగవని అడగలేదు. లైమ్ సోడా అడగండి, టీ అడగండి, చాలా చోట్ల ఇస్తారు. పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి నిక్షేపంగా లోపలికి వెళ్ళొచ్చు, కొన్ని చోట్ల సాయంత్రం దాటాక వద్దంటారు, అంతే. నీళ్ళు కూడా: అడిగిన కస్టమర్‌కి కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో లైసెన్సు షరతే ఉంది. కస్టమర్‌కి అన్న మాట కాస్త ఒత్తి చదవండి.

తిండి విషయంలో మాత్రం మనవాళ్ళ భయం పూర్తిగా తప్పు కాదు. శాకాహారులు ఒకటి తప్పకుండా అడగాలి: చిప్స్ ఏ నూనెలో వేయించారు? ఉత్తర ఇంగ్లండ్‌లో గొడ్డు కొవ్వులో వేయించే అలవాటు ఇప్పటికీ ఉంది. యార్క్‌షైర్ పుడ్డింగ్ చూడటానికి పొంగిన బన్నులాగా అమాయకంగా ఉంటుంది గానీ అదీ ఆ కొవ్వులోనే కాలి ఉండొచ్చు. అడిగితే దాచకుండా చెప్తారు. చీజ్ ఉల్లిపాయ పై, బీన్స్ వేసిన జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళాదుంప), ఆ పూట సూప్, వీటితో కడుపు నిండుతుంది. మాంసం తినేవాళ్ళకైతే చెప్పేదేముంది, ఆ కొండల మీద మేసే హెర్డ్‌విక్ గొర్రె మాంసం ఆ కొండల కిందే తినాలి. చుట్ట చుట్టి పెట్టే కంబర్లాండ్ సాసేజ్ పంది మాంసం, గమనించుకోండి. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ వద్దనుకోకండి. ఖర్జూరాలు, బెల్లంలాంటి చక్కెర, వేడి వేడి పాకం, అది మన నోటికి చేసిందే. "వెజిటబుల్ కర్రీ" అని రాసి ఉంటే మాత్రం అటు చూడకండి. నా మాట వినండి.

పబ్బులవాళ్ళని కూడా వెనకేసుకురాను. నడిచేవాళ్ళ మీద బతికే ఊళ్ళో తలుపుకి "బురద బూట్లు వద్దు" అని అంటించేవాళ్ళున్నారు. కొండ దిగేసరికి రెండున్నర అవుతుందని తెలిసీ రెండింటికే వంటిల్లు మూసేస్తారు. ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసి పదహారు పౌండ్లు రాసేవాళ్ళూ ఉన్నారు. అలాంటి చోటికి రెండోసారి వెళ్ళక్కర్లేదు.

చూపుల సంగతి కూడా చెప్పాలి, దాటేస్తే నిజాయితీ కాదు. తలుపు తీయగానే అన్ని తలలూ ఇటు తిరుగుతాయి. మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. తర్వాత ఒక మూల కూర్చుని గమనించాను, తెల్లవాడు వచ్చినా తిరుగుతాయి. మన పల్లెలో బస్సు దిగిన కొత్త మనిషిని అరుగు మీద వాళ్ళు చూడరా? అయితే అన్నిసార్లూ అది ఒక్కటే కాదు. ఒక చోట మాకు మాత్రమే ఆర్డర్ తీసుకోవడం ఆలస్యమైంది, వెనకొచ్చినవాళ్ళకి ముందు పోశారు. లేచి వచ్చేశాం. అలాంటిది జరిగితే వివక్ష అని గట్టిగా అందాం, నేనే ముందుంటాను. అందుకే పోయిన నెల జరిగినదానికి ఆ మాట వాడొద్దంటున్నాను. పులి వచ్చినప్పుడు అరవడానికి గొంతు మిగలాలి కదా.

ఊరివాళ్ళు ఏం చేస్తున్నారో ఒక ముక్క. లేక్ డిస్ట్రిక్ట్ ఉన్న కంబ్రియా జిల్లాలోనే హెస్కెట్ న్యూమార్కెట్ ఊళ్ళో ఓల్డ్ క్రౌన్ అనే పబ్‌ని 2003లో వందమందికి పైగా జనం తలా కొంత వేసుకుని కొనేశారు. సహకార సంఘం నడిపే పబ్ బ్రిటన్‌లో అదే మొదటిదని పేరు. మన పాల సొసైటీలాంటిదే. 2011 చట్టం ప్రకారం ఊరివాళ్ళు తమ పబ్‌ని ఊరి ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు, ఓనరు అమ్మకానికి పెడితే డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల దాకా గడువు వస్తుంది. కానీ కొన్నాక కూడా లోపలికి మనుషులు రావాలి కదా.

అడ్మిన్లకి నా మనవి. ఇరవై మందితో చెప్పాపెట్టకుండా దిగితే ఒక్క వంటమనిషి ఉన్న వంటింటికి అది పండగ కాదు, గండం. ముందు రోజు ఫోన్ చేయండి. నడక మొదలుపెట్టేముందే ఎవరికేం కావాలో రాసుకోండి, లోపలికెళ్ళాక ఇరవై మంది ఇరవైసార్లు కార్డు తీయకుండా ఒకరు కట్టి తర్వాత పంచుకుందాం. చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి ఎవరూ రారు, బల్ల నంబరు చూసుకుని మనమే బార్ దగ్గరికెళ్ళి చెప్పాలి. ఎవరూ పలకరించలేదని అలిగి కూర్చోకండి, పాపం వాళ్ళు మన కోసమే ఎదురుచూస్తుంటారు. బ్లూటూత్ స్పీకరు కారులోనే వదిలేద్దాం. ఏడాదికి రెండు నడకలైనా జులై, ఆగస్టులో కాకుండా నవంబరులోనో ఫిబ్రవరిలోనో పెట్టండి, వాళ్ళకి మనం కావలసింది అప్పుడు. కారు నడిపేవాళ్ళు బీరు జోలికి పోకండి, ఇది చెప్పక్కర్లేదనుకుంటాను గానీ చెప్తున్నాను.

పులిహోర మానేయమనడం లేదు. పులిహోర కొండ మీద తిందాం. పైన గాలికి, చలికి, దాన్ని మించిన తిండి లేదు. ఆ శిఖరం ఎవరి బల్లా కాదు.

ఆ ఒక్క స్టార్ రివ్యూ పెట్టిన అన్నయ్యగారూ, మీరెవరో ఇక్కడ చెప్పను, దయచేసి తీసేయండి. "వడ్డన లేదు" అని రాశారు. మనం ఏం అడిగామని వడ్డిస్తారు?

ఆ ఓనరమ్మకి నేను ఫోన్ చేశాను. మాట్లాడటానికి మొహమాటపడ్డాను గానీ ఆవిడకి మేం బాగానే గుర్తున్నాం. "ఆ పసుపురంగు అన్నం వాళ్ళా?" అంది. వచ్చే నెల రెండో శనివారం మూడున్నరకి ఇరవై మందికి బల్లలు చెప్పాను. మన కోసం వంటిల్లు నాలుగున్నర దాకా తెరిచి ఉంచుతానంది. చిప్స్ మామూలు నూనెలోనే వేస్తారట, అడిగాను. ఆవిడకి ఒక డబ్బాలో పులిహోర తీసుకెళ్దామని ఉంది, మిరపకాయలు తీసేసి. రాలేనివాళ్ళు గురువారం రాత్రిలోపు నాకు చెప్పండి, ఆవిడకి లెక్క తగ్గించి చెప్పాలి.

మీ చెల్లెలు,
వారింగ్టన్ నుంచి